వేరీజ్ మాస్టారు

వేరీజ్ మాస్టారికి అన్నీ తెలుసు. అడిగితే మాత్రం ఒక్కటీ చెప్పరు. అది ఎక్కడుందో చెబుతారు, అంతే.

ఆ కొరియర్ ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆయన చేతి కిందే. ఎవరేం అడిగినా నల్ల తెర తెరిచి, ఎక్కడుందని అడిగే ‘వేరీజ్’ అనే ఆదేశం కొట్టి పక్కన ప్రోగ్రాం పేరు రాయమంటారు. ఆ ప్రోగ్రామూ, దాని మాన్యువల్ పేజీ ఏ మూల నక్కి ఉన్నా ఆచూకీ తెర మీదికి వస్తుంది. ఇక ఆయన బాధ్యత తీరిపోయినట్టే.

ఇంట్లోనూ అంతే. జ్వరంతో ఉన్న భార్య ఫోన్ చేసి, "మాత్రలు ఎన్ని వేసుకోవాలండీ?" అంటే, "అట్టపెట్టెలో కాగితం మడిచి ఉంటుంది చూడు" అన్నారట.

"జ్వరం నాకా, ఆ కాగితానికా?" అందట ఆవిడ.

ఈ అలవాటు ఆఫీసులో చేరిన కొత్తమ్మాయి ప్రాణం తోడేసేది. ఆమెది ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. ఊడిందంటే బావగారి పరుపుల దుకాణానికి తిరిగి పోవాలి. అక్కడ బావగారి జోకులకు నవ్వడం కూడా డ్యూటీలో భాగమే.

"మాస్టారూ, ఈ ఎర్రర్ ఏంటండీ?"

"మాన్యువల్‌లో ఉందమ్మా."

"మీ నోట్లో లేదా?"

"ఉంది. దాన్నక్కడే ఉండనీ."

ఒకరోజు పొద్దున్నే లేబుళ్లకు పిచ్చెక్కింది. పార్సిళ్లన్నిటినీ ఎప్పుడో మూతపడిన బ్రాంచికి పొమ్మంటున్నాయి. బయట లారీ హారన్ కొడుతోంది. మేనేజరు ఊడిపడ్డాడు.

"ఎవరూ నోరెత్తొద్దు! ఈ అమ్మాయే బాగు చెయ్యాలి. చేతకాకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆమె దీనంగా మాస్టారి వైపు చూసింది. ఆయన సీలింగ్ ఫ్యాన్‌ను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు.

పళ్లు కొరుక్కుంటూ వేరీజ్ కొట్టింది. లేబుల్ ప్రోగ్రాం ఒకటి కాదు, రెండు చోట్ల తేలింది! పాతదాన్ని తీసెయ్యడం ఎవరో మరిచారు. కంప్యూటరేమో ముందు ఎదురైనదాన్నే పట్టుకుని నడిపేస్తోంది. మాన్యువల్ తెరిచి, ఏది కొత్తదో చూసుకుని, పాతదాన్ని పక్కకు తప్పించింది. ప్రింటరు గుర్రుమని సరైన లేబుల్ కక్కింది.

మేనేజరు కళ్లు చిన్నవి చేశాడు. "మాస్టారూ, మీరు చెప్పారా?"

"ఒక్క ముక్క చెబితే ఒట్టు."

మేనేజరు ఆయన చుట్టూ తిరిగి రెండు చెవులూ పరీక్షగా చూశాడు. "సరే, పర్మనెంట్ చేసేద్దాం" అని గొణిగి వెళ్లిపోయాడు.

"చెవులు చూడ్డమేంటక్కా?" అంది కొత్తమ్మాయి, పార్సిళ్లు కట్టే అక్కతో.

"అబద్ధమాడితే మాస్టారి చెవులు ఎర్రబడతాయే పిల్లా! నీకు ముందు ఇద్దరొచ్చారు. మాస్టారు జాలిపడి వాళ్లకు అన్నీ చెప్పేశారు. చెప్పలేదని మేనేజరు దగ్గర బొంకితే చెవులు పట్టించేశాయి. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. అప్పట్నుంచే నోటికి తాళం."

కొత్తమ్మాయి గిరుక్కున తిరిగింది. "నా కోసమేనా మాస్టారూ?"

"ఛ ఛ! చెప్పే ఓపిక లేకమ్మా" అన్నారాయన, రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని.