డాట్లలో మిగిల్చిన గుడ్డ

“ఇది నా చిలకపచ్చ పట్టు ముక్కే. కాదని నా మొహం చూసి చెప్పు ఆపా.”

“కుట్టగా మిగిలిన ముక్కలు మీకు ఆ రోజే మడిచి ఇచ్చేశాను అత్తయ్యగారూ. దారప్పోగు కూడా ఉంచుకోలేదు.”

“ఇచ్చేస్తే మరి ఇదేంటి? నీ మిషను మీద కప్పిన గుడ్డలో నా పట్టు కూర్చుని నన్నే చూస్తోంది.”

“చిలకపచ్చ పట్టు తెనాలిలో మీ ఒక్కరికేనా ఉంది?”

“ఈ జరీ చుక్క నాకొక్కదానికే ఉంది. మా అమ్మ పెట్టిన చీరలోది. బాపట్లంతా గాలించినా ఇంకోటి దొరకదు.”

జాకెట్టు తెచ్చిన బాపట్ల అత్తయ్యా, మిషను కుట్టే ఆపా ఇలా వాదులాడుకుంటుంటే నేను గుమ్మం పక్కన తల వంచుకుని, మహా శ్రద్ధగా కాజాలు కుడుతున్నాను. సూదిలో దారం లేదు.

ఆ రోజుల్లో గుడ్డకున్న మర్యాద వేరు. జాకెట్టు ముక్క ఒకటి ఇంటికి వచ్చిందంటే అది ముందు జాకెట్టు, తర్వాత దిండు గలీబు, ఆ తర్వాత మసిగుడ్డ, చివరికి దీపపు వత్తి అయ్యేదాకా దానికి విశ్రాంతి ఉండేది కాదు. ఇప్పుడు మా మనవరాళ్లు ఫోనులో బొమ్మ చూసి జాకెట్టు కుట్టించుకుంటారు, రెండుసార్లు తొడిగి బీరువా అడుగున పడేస్తారు. (వాటి హుక్కులు నేను ఊడదీసి డబ్బాలో దాస్తాను. నవ్వుతారు గాని, హుక్కు ఊడినప్పుడు నా దగ్గరికే వస్తారు.) కొత్త జాకెట్టు ఏది ఇంటికొచ్చినా నేను ముందు తిరగేసి డాట్లు చూస్తాను. “అమ్మమ్మా, పైన ఎంబ్రాయిడరీ చూడవా?” అంటారు. పైన ఏముంది, ఎవరైనా చూస్తారు. లోపల చూడాలని నాకు నేర్పింది ఆ చిలకపచ్చ జాకెట్టు.

అప్పటికి నాకు పదిహేడేళ్లు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, ఆ తర్వాత చదివినవన్నీ టేపు మీద అంకెలే. మాది సంగం జాగర్లమూడి. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని తెనాలి వచ్చి, ఆపా దగ్గర మిషను నేర్చుకునేదాన్ని. ఆమె అసలు పేరు ఏమిటో నాకు చివరిదాకా తెలియదు. ఉర్దూలో ఆపా అంటే అక్క, చిన్నా పెద్దా అందరికీ ఆపాయే. నెల రోజులు పాత గుడ్డల మీద తిప్పలు పడ్డాక నాకు డాట్లు పట్టడం ఒక్కటి మాత్రం అబ్బింది. జాకెట్టు ముందుభాగంలో గుడ్డని కోణంగా మడిచి, వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, కొసకి వచ్చేసరికి కుట్టు ఉందా లేదా అన్నంత సన్నగా జార్చెయ్యాలి. కొస దగ్గర మిషను వెనక్కి తిప్పకూడదు, దారాలు చేత్తో ముడెయ్యాలి. తొందరపడితే అక్కడ చిన్న బొడిపె లేస్తుంది. నా డాట్లకి బొడిపె ఉండేది కాదు. “చీమ కూడా జారిపోతుందే దీని మీద” అని ఆపా అన్న రోజు నేను బస్సులో సీటు ఉన్నా కూర్చోలేదు, అంత పొంగిపోయాను. అప్పటినుంచి వచ్చిన జాకెట్లన్నిటికీ డాట్లు నేనే. వీధిలో నా పేరు డాట్ల పిల్ల అయిపోయింది.

ఆపా దగ్గర ఒక పద్ధతి ఉంది. కుట్టగా మిగిలిన ప్రతి ముక్కా, వేలెడంతదైనా సరే, జాకెట్టు మడతలో పెట్టి ఇచ్చేసేది. కుట్టేవాళ్లంటేనే గుడ్డ కొట్టేస్తారని అందరూ అనుమానించే కాలంలో, మూడు వీధుల ఆడవాళ్లు ఆవిడ గుమ్మానికే వచ్చేవారంటే అందుకే. ఆవిడకున్న ఆస్తి ఆ మంచిపేరు ఒక్కటే.

ఇక నా సంగతి. బియ్యం కడిగిన నీళ్లు గేదెకి పోశాకే గిన్నె తోమే ఇంట్లో పెరిగినదాన్ని. డాటు కుట్టాక లోపల మిగిలిపోయే మడత నాకు కంట్లో నలుసైంది. బయటికి కనపడదు, తొడుక్కున్నావిడకి తెలియదు, ఎండాకాలం ఉక్కపోత తప్ప దానివల్ల ఒరిగేది లేదు. ఒక్కో జాకెట్టులో ఆరు మడతలు. ఇంత గుడ్డ ఊరికే పోతోందే అని నాకు పొద్దస్తమానం దిగులు. ఒకరోజు ఆపా నమాజుకి లోపలికి వెళ్లినప్పుడు కుట్టు పక్కన పోగంత వదిలి, మడత కత్తిరించి చూశాను. కోణంగా, సన్నగా, ముచ్చటైన ముక్క వచ్చింది. అంతే, ఇక చెయ్యి ఆగలేదు. పౌడరు డబ్బా నిండింది, ఇంకో డబ్బా నిండింది. (దొంగతనమని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. పొదుపు అనుకున్నాను. పొదుపు చేసేవాళ్లకి ఈ జబ్బు ఉంటుంది.) ఆ ముక్కలన్నీ కలిపి కుట్టి, మిషను మీద కప్పడానికి రంగురంగుల గుడ్డ తయారుచేసి ఆపాకి ఇచ్చాను. ఇంట్లో పాతబట్టలవని చెప్పాను. ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా మురిసిపోయి, వీధిలోకి కనపడేలా పరిచింది.

మూడో రోజున బాపట్ల అత్తయ్య వచ్చింది. పుట్టిల్లు బాపట్ల, కాపురం మా ఆపా పక్కవీధిలో. మర్నాడు పొద్దున రేపల్లెలో మనవరాలి ఓణీల ఫంక్షన్. చిలకపచ్చ జాకెట్టు బిగుతైందని, కాస్త వదులు చెయ్యమని తెచ్చింది. అప్పుడు మొదలైంది ఆ గొడవ.

ఆపా ఒట్టు వేస్తోంది, అత్తయ్య వినడం లేదు. గుమ్మం ముందు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. చివరికి అత్తయ్య, “ఇన్నాళ్లూ నువ్వు మాకు ఇచ్చింది చిన్నముక్కలు, దాచుకుంది పెద్దముక్కలన్నమాట” అంది. ఆపా మొహం పాలిపోయింది. అది చూడలేక నేను లేచాను.

“ముక్క మీదేనండి అత్తయ్యగారూ. కాని మిగిలిన ముక్క కాదు. మీ జాకెట్టు లోపలిదే.”

“నా ఒంటి మీది జాకెట్టులోంచి కోశావటే?”

“ఒంటి మీద ఉన్నప్పుడు కాదండి. కుట్టేటప్పుడు.”

ఆపా జాకెట్టు తిరగేసింది. డాట్ల పక్కన పోగంత తప్ప ఏమీ లేదు. రెండుచోట్ల పట్టు జారి కుట్టు నోరు తెరవడానికి సిద్ధంగా ఉంది.

“ఎందుకు కోశావే?”

“ఊరికే పోతోంది కదా ఆపా.”

“ఊరికే ఎక్కడ పోతోందే, లోపల ఉంటే? ఆవిడ ఒళ్లు చేసినప్పుడు విప్పుకోడానికి కాదూ అది?” అని, “ఎవరెవరివి కోశావు?” అంది.

“అందరివీ.”

“పక్క కుట్లు మొన్నామధ్యే విప్పేశారు, ఇప్పుడు డాట్లలో కూడా గుడ్డ లేదు. రేపు నేనేం తొడుక్కుని పీటల దగ్గర కూర్చోవాలి?” అని అత్తయ్య స్టూలు మీద కూలబడింది. “ముందు నా జాకెట్టు సంగతి చూడండి. దీని సంగతి తర్వాత. ఈ పిల్ల ఇక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఈ గుమ్మం తొక్కను.”

ఆపా మిషను మీది గుడ్డ లాగి నా ఒళ్లో పడేసింది. చిలకపచ్చ ముక్కలు ఆరింటినీ కుట్లు విప్పి తీశాను. వాటిని మూడేసి చొప్పున కలిపి కుట్టి, చంకల కింద చెరోటి జొప్పించాం. నోరు తెరవబోయిన డాట్లకి లోపల సన్నపట్టీ వేసి బిగించాం. మూడుసార్లు సూది విరిగింది. సాయంత్రం ఎండ వాలేసరికి అత్తయ్య తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి చూసింది. దించింది. మళ్లీ ఎత్తింది.

“ఊపిరాడుతోంది” అంది ఆపాతో. నావైపు చూడలేదు గాని, మెట్లు దిగుతూ, “పారెయ్యకుండా దాచింది, అదొక్కటే నయం” అని గొణుక్కుంటూ వెళ్లింది. ఆపా నన్ను పొమ్మనలేదు, రేపు రమ్మని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున భయంభయంగా వెళ్లాను. అత్తయ్య స్టేషనుకి నడుస్తూ దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి చెప్పిందట. ఏడెనిమిదిమంది ఆడవాళ్లు అరుగు మీద జాకెట్లు తిరగేసుకుని కూర్చున్నారు. మధ్యలో, చిలకపచ్చ ముక్కలు తీసినచోట కన్నం పడిన ఆ మిషను గుడ్డ. నేను ఒక్కొక్క ముక్కే విప్పి ఎవరిది వాళ్ల చేతుల్లో పెట్టాను. అందరూ వెళ్లాక ఒక్క రంగు మిగిలింది, కాఫీరంగు మీద తెల్ల చుక్కలు. ఎవరూ అడగలేదు. ఆపా కళ్లజోడు పెట్టుకుని దాన్ని పట్టుకుని చూసింది, తర్వాత పైట సర్దుకుని తన జాకెట్టు చూసుకుంది.

“నాది కూడానా” అంది.

నేను తల ఊపాను. ఆవిడ కత్తెరకి తాడు కట్టి ఆ తాడు తన నడుముకి ముడేసుకుంది. మిషను మీద కత్తిరించి ఉంచిన కొత్త గుడ్డ పెట్టింది.

“కూర్చో. డాట్లు పట్టు.”