ఊరు చూడ్డానికొచ్చిన బామ్మర్ది

మా అప్పకి, అంటే మా అక్కకి, బావ సంబంధం తెచ్చింది నేనే. అప్పటికే ఆయన పద్యం పాడితే పక్కన హార్మణీ పెట్టె నాది. విజయనగరం దాటాక లోపలికి ఉండే పల్లెలు మావి. ఎక్కడ నాటకం కట్టినా, భజన పెట్టినా, మమ్మల్నిద్దరినీ కలిపే పిలిచేవారు. ఆయన గొంతు బాగాలేని రోజు శ్రుతి ఒక మెట్టు దించేసేవాణ్ణి, జనానికి తెలిసేది కాదు. మధ్యలో మాట మరిచిపోతే, గుర్తొచ్చేదాకా పెట్టె మీద నేనే ఏదో తిప్పుతూ ఉండేవాణ్ణి. పాటగాడికి పిల్లనిస్తే ఏం తిని బతుకుతుందని మా అమ్మ మొత్తుకుంది. నేనే పట్టుబట్టాను. ఇంటి అల్లుడైతే ఇక మా జత విడిపోదని నా ఆశ.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. మా వైపు కుర్రాళ్ళు చాలామంది ఆ పనుల్లోకి వెళ్ళిపోయారు. నాటకాలు తగ్గాయి. పండగొస్తే వైజాగ్ నుంచి ఆర్కెస్ట్రా తెప్పిద్దామనేవాళ్ళు ఊళ్ళోనే తయారయ్యారు. ఆ ఏడు వినాయక చవితికి బావ మా ఇంటికొచ్చాడు.

"ఒరే, ఇశాపట్నం ఎల్దామేటి? నవరాత్రుల్లో ఈదికో ఆర్కెస్ట్రా అంట. నాలుగు సోట్ల ఇనొద్దాం."

నాకు సంతోషం పట్టలేదు. మనమూ ఒక పార్టీ కడదామని ఎన్నాళ్ళుగానో ఆయన చెవిలో పోరుతున్నాను. అందుకే చూపించడానికి తీసుకెళ్తున్నాడనుకున్నాను.

"పెట్టె తెచ్చుకోనా బావా?"

"ఎందుకు, బస్సులో నలిగిపోద్ది. ఇనడానికే కదా ఎల్తన్నాం."

ప్రయాణం నాడు అప్ప చెంబులో నిప్పులు పోసి నా చొక్కా ఇస్త్రీ చేసింది. దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది. "అన్నీ బాగా సూడు తమ్ముడా. సూస్తే నీకే తెలుస్తాది" అంది. అప్ప కూడా మా పార్టీ మాటే అంటోందనుకుని తలూపాను.

గోపాలపట్నంలో బావకి తెలిసినవాళ్ళింట్లో దిగాం. సాయంత్రం మార్కెట్ దగ్గర పందిట్లో నా జీవితంలో మొదటిసారి నిండు ఆర్కెస్ట్రా విన్నాను. బేసు గిటారు మోగితే చెవిలో కాదు, కడుపులో తగిలింది. ఒకాయన అకార్డియన్ గుండెకి కట్టుకుని నవ్వుతూ వాయిస్తున్నాడు. మైకుకి ఎకో పెట్టారు. పాడే మనిషి ఒకసారి అన్న మాట పందిరంతా తిరిగి మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. అసూయ పుట్టాలి నిజానికి. నాకు ఆకలేసినట్టయింది, ఇదంతా మేమూ చెయ్యాలని. పాట అయ్యాక స్టేజీ వెనక బావకి ఇద్దరు ముగ్గురు నమస్కారం పెట్టారు. ఈయనెవరని నన్ను చూపించి అడిగారు.

"మా బామ్మర్ది. ఊరు సూడ్డానికొచ్చినాడు" అన్నాడు బావ.

మర్నాడు పోర్టు వైపు వెళ్ళాం. అక్కడో క్లబ్బుంది, మాలాంటివాళ్ళని లోపలికి రానివ్వరు. గోడ బయట నిలబడి శాక్సఫోన్ విన్నాం. చేపల బుట్టలతో ఆడవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని వెళ్తున్నారు. పాట అయ్యేదాకా నేను కదల్లేదు. అక్కణ్ణించి పాతూర్లో ఒక సాయిబుగారి కొట్టుకి తీసుకెళ్ళమని నేనే అడిగాను. ఆయన హార్మోనియంలు బాగుచేస్తాడు, కవ్వాలీ పార్టీకి వాయిస్తాడు కూడా. బాగుచేసిన పెట్టె ఒకటి నా ముందుకి జరిపి, "వాయించండి" అన్నాడు. పద్యం ఎత్తుగడ ఒకటి వాయించాను. చేస్తున్న పని ఆపి విన్నాడు.

"చెయ్యి బాగుంది. ఎక్కడ వాయిస్తుంటారు?"

నేను నోరు తెరిచేలోపల గుమ్మంలోంచి బావ అందుకున్నాడు. "మా బామ్మర్దండి. ఊరు సూడ్డానికొచ్చినాడు."

ఈసారి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ పట్నంలో గొప్పలు చెప్పుకోకూడదని అలా అంటున్నాడేమోనని సర్దుకున్నాను. బస్సుల్లో తిరిగినంతసేపూ నా మాటలు నావి. "మనకి అకార్డియన్ ఎందుకు బావా? నా పెట్టెకో మైకు పెట్టిస్తే సాలు. సగం సినిమా పాటలు, సగం మన పద్యాలు. పద్యాలు ఈల్లకి నేవు కదా." దేనికైనా బావ "ఊఁ" అనేవాడు. కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఆఖరున కూర్మన్నపాలెం వెళ్ళాం. క్వార్టర్సు పక్కన ఒక రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట ఆర్కెస్ట్రా వాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. పార్టీ నడిపే ఆయన కళ్ళజోడు పెట్టుకుని కరెంటు ఆర్గాన్ వాయిస్తున్నాడు. దారి పొడుగునా నేను మనసులో ఒక మాట తయారుచేసుకుంటూ వచ్చాను. బావ మొహమాటస్తుడు, తనంతట తను అడగడు, నేనే అడగాలి. ఆయన చెప్పులు విప్పుతుండగానే నేను ముందుకెళ్ళి దండం పెట్టాను.

"అయ్యా, మేమిద్దరం జత. ఆయన పాడతాడు, నేను హార్మోనియం. ఒక్కసారి మమ్మల్ని వినండి."

కళ్ళజోడాయన నవ్వాడు. వెటకారం లేదు ఆ నవ్వులో. "ఆయన్ని కొత్తగా వినేదేముంది? ఉగాది నుంచీ మా స్టేజీ మీద పాడుతున్నది ఆయనే కదా" అన్నాడు. నా మొహం చూసి ఆగి, బావ వైపు తిరిగాడు. "ఇంట్లో చెప్పలేదా ఏంటండీ?"

ఉగాది నుంచి. ఆ వేసవంతా బావ సింహాచలం మొక్కులంటూ వెళ్ళివచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ అప్ప మా ఇంటికి ప్రసాదం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టేది. కళ్ళకద్దుకుని తినేవాణ్ణి.

బావని మైకు దగ్గరికి పిలిచారు. వెళ్ళడేమోనని చూశాను. వెళ్ళాడు. ఆయన ఊపిరి తీసుకునే చోట ఆర్గాన్ వచ్చి నింపుతోంది. సరిగ్గా నేను నింపే చోటే, నేను నింపే తీరులోనే. అది నేర్పినవాడెవడో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పాట సగంలోనే బయటికొచ్చేశాను.

రోడ్డు మీద ఇనప సామాను లారీలు పోతున్నాయి. కాసేపటికి బావ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏల సెప్పనేదు బావా?"

"సెప్పాలనే తీసుకొచ్చినాను."

"మరి ఇన్ని సోట్ల తిప్పినావే? నాను మన పార్టీ అని వాగతంటే ఊఁ కొట్టినావే?"

"ఇయన్నీ సూసినాక నువ్వే అంతావనుకున్నాం. ఇక్కడ నా పెట్టెకి సోటు నేదు, నువ్వెల్లి పాడుకో బావా అని. నీ నోటంట వొస్తే బాగుంతాదని."

"అనుకున్నాం అంటే? ఎవులెవులు?"

లారీ వెళ్ళేదాకా ఆగాడు. "మీ అప్పే అంది, ఇలాగ సేద్దామని."

నేనొక్కణ్ణే ఊరొచ్చేశాను. వాళ్ళ వాకిట్లో అప్ప చేపలు తోముతోంది. నా వెనక బావ లేకపోవడం చూసి చెయ్యి ఆపింది.

"సూసినావా?"

"సూసినాను."

"ఆ మనిషికి పాట తప్ప ఇంకో పని రాదు కదరా. జతగా వొస్తామంటే ఆయన్నీ వొద్దనీసేవోరు. పిల్లలున్నారు."

"ఆ మాటే నాతో అంటే, ఒద్దంతానా అప్పా?"

"ఒద్దనవు." కళ్ళెత్తకుండా అంది. "నీకెదురుగా నిలబడి అడగాలంటే మాత్రం నా వల్ల కానేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మళ్ళీ చేప అందుకుంది. మా అమ్మకి విషయం తెలుసా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. తెలుసంటే మా ఇంట్లో నేను అన్నం తినలేను.

తర్వాత నేను రైసుమిల్లులో పనికి కుదిరాను. శనివారం భజనలకి వాయించేవాణ్ణి, ఎవరు పాడితే వాళ్ళకి. అప్ప కుటుంబం కూర్మన్నపాలెం వెళ్ళిపోయింది. బావకి పేరొచ్చింది. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి మేనమామగా వెళ్ళాను, వెళ్ళక తప్పదు. గంపలో కూచోబెట్టి పిల్లని పీటల దగ్గరికి మోసుకొచ్చాను. సాయంత్రం పాటలు మొదలయ్యే ముందు బావ నా దగ్గరికొచ్చాడు, జుట్టు పలచబడింది.

"ఒక్క పద్యానికి వాయించవా? పెట్టె తెప్పించినాను."

"అలవాటు తప్పిపోనాది బావా" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. భుజమ్మీద చెయ్యేసి, తీసేసి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో మా ఇంటావిడ అడిగింది, మీ బావ మీద కోపం ఇంకా పోలేదా అని. బావ మీద ఎప్పుడో పోయిందన్నాను. పాటగాడు, పాట ఉన్న చోటికి పోయాడు. మరింకెవరి మీదని ఆవిడ అడగలేదు. అప్ప మా పిల్లలకని కట్టిచ్చిన అరిసెల పొట్లం ఆవిడ ఒళ్ళోనే ఉంది.