రెబెక్కమ్మ ముక్కు

అల్లూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో రొయ్యల షెడ్డు ఒకటి ఉంది. అందులో రెబెక్కమ్మ ఇరవై రెండేళ్ళు వాసన చూసే పని చేసింది. చెరువుల నుంచి సరుకు దిగగానే ఒక రొయ్యను తీసి, తల విరిచి, ముక్కు దగ్గర పెట్టుకునేది. "బురద వాసన కొడతాండాది, నీళ్ళు మార్చి రెండు రోజులు ఆగి పట్టుకోమనండి" అనో, "నిన్న చచ్చిన రొయ్యకు ఇయ్యాల ఐసు పెట్టినారు, వెనక్కి పంపండి" అనో తేల్చేసేది. షెడ్డు యజమాని నరేంద్రబాబు పెద్ద చదువులు చదివినవాడే. అయినా ఆమె తల ఊపకుండా ఒక్క పెట్టె కూడా లారీ ఎక్కించేవాడు కాదు.

నాలుగు కుప్పలు చూసిన తర్వాత ఆమె మోచేయి మడతలో ముక్కు పెట్టుకుని తన ఒంటి వాసన తానే పీల్చుకునేది. కొత్తగా పనికి వచ్చిన ఆడపిల్లలు నవ్వితే, "నవ్వండి. కంపులో నిలబడుకుంటే కాసేపటికి కంపు తెలవదు. మన చర్మం వాసన చూసుకుంటే ముక్కు మళ్ళీ మేలుకుంటాది. ఇది మీ బడిలో చెప్పలేదా?" అనేది. ఆ గర్వానికి ఆమె దగ్గర కారణం ఉంది. మూడో తరగతి దాటని మనిషిని ఆఫీసు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఆ ముక్కే. మొగుడి వల్ల వచ్చిన మర్యాద కాదది, పొలం వల్ల వచ్చిందీ కాదు.

పోయిన వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం మీద ఉండి లేచింది. లేచిన రోజు పెనం మీద ఎండుచేపలు వేసి, కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది. కళ్ళు మండాయి. ఇటు తిరిగి చూస్తే చేపలు బొగ్గయిపోయి ఉన్నాయి, గదంతా పొగ. పొగ సంగతి కళ్ళకు తెలిసింది గాని ముక్కుకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం పక్కింటివాళ్ళు చేపల పులుసు ఇస్తే నోట్లో పెట్టుకుంది. పులుపు ఉంది, కారం ఉంది, ఉప్పు ఉంది. చేప లేదు, మామిడికాయ లేదు, మెంతి లేదు. ఇన్నేళ్ళూ నాలుక చేస్తోందనుకున్న పని ముప్పాతిక వంతు ముక్కే చేసిపెట్టిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. డాక్టరు, "కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు" అన్నాడు. ఆ మాత్రం చెప్పడానికి డాక్టరే కావాలా.

ఎవరికో ఒకరికి చెప్పుకోవచ్చు కదా అని చదివేవారు అనుకోవచ్చు. అలా అనుకునేవారికి ఒకటి పోయినా చెప్పుకోవడానికి ఇంకో నాలుగు గొప్పలు ఉంటాయి. రెబెక్కమ్మకు ఉన్నది ఒక్కటే. దాచింది.

దాచడంలోనూ ఆమె పనిమంతురాలే. తల విరిచేటప్పుడు కీలు ఎంత సులువుగా ఊడుతోందో వేళ్ళతో చూసుకునేది. జిగురు చూసేది, పెంకు మీద నల్ల మచ్చలు చూసేది. అన్నిటికంటే ఎక్కువగా ఎదురు బల్ల మీద తలలు తుంచే ఫేబీ ముఖం చూసేది. ఫేబీ ఆమె చెల్లెలి కొడుకు జడ్సన్ పెళ్ళాం. సరుకు చెడిపోయి ఉంటే ఆ పిల్ల ముక్కు చివర సన్నగా ముడత పడుతుంది. ఆ ముడతను బట్టి రెబెక్కమ్మ తొమ్మిది నెలలు తీర్పులు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. మోచేయి వాసన చూసుకోవడం కూడా మానలేదు.

షెడ్డు వెనక ఒక గుంత ఉంది. రొయ్యలు కడిగిన నీళ్ళు, తలలూ పెంకులూ కొట్టుకుని వచ్చి అందులో పడతాయి. దాన్ని తోడే మోటారు అడుగున ఉంటుంది. ఎవరు దిగాలన్నా ముందు రెబెక్కమ్మ మూత దగ్గర వంగి వాసన చూడాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అక్కడి అలవాటు. రెండేళ్ళ కిందట ఒకసారి, "ఈ పొద్దు వద్దు" అని మనుషులను ఆపింది కూడా.

చెరువుల్లో రొయ్యల పట్టుబడి లేక వారం రోజులు మూతపడిన షెడ్డును ఒక సోమవారం తెరిచారు. మోటారు తిరగలేదు. దాన్ని చూసేది జడ్సనే.

"పెద్దమ్మా, రా. నీ ముక్కు సెలవిస్తే దిగతా," అన్నాడు.

"నీకు లేదంట్రా ముక్కు?"

"నాది ఆ తలల కుప్ప కాడే చచ్చిపోయింది గదా. నా పెళ్ళాం వాసన సబ్బు రుద్దుకోనొచ్చినా నాకు రొయ్యే."

"ఆ సబ్బు తెచ్చినోడివి నువ్వే గదా, దానికి వాసన యాడుంటాది," అంది పక్కనే నిలబడి ఉన్న ఫేబీ.

మూత పక్కకు లాగారు. రెబెక్కమ్మ వంగి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. తొమ్మిది నెలలుగా ఆమెకు ఎప్పుడూ ఏమీ లేదు. కళ్ళు కొంచెం మండాయి. పొద్దున చల్లిన బ్లీచింగ్ పొడి అనుకుంది. లేచి ఫేబీ ముఖం చూసింది. ముక్కు చివర ముడత లేదు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని ఈమె వైపే చూస్తోంది.

'ఈ పొద్దు నాకు బాగలేదు, ఇంకెవరినైనా చూడమనండి' అంటే సరిపోయేది. అంత చిన్న మాట. అంటే తర్వాత రోజు కూడా అనాలి, ఆ తర్వాత రోజూ అనాలి.

"ఏం లేదు. దిగు. బిన్నా పైకి రా, ఎక్కువసేపు ఉండబాక," అంది.

జడ్సన్ నాలుగు మెట్లు దిగాడు. ఐదో మెట్టు మీద చెయ్యి వదిలేశాడు. కేక లేదు. నీళ్ళలో పడిన చప్పుడు మాత్రం వినిపించింది. వెనకే దిగబోయిన మనిషి నడుము పట్టుకుని ఆపింది రెబెక్కమ్మే. ఫైరింజన్ వాళ్ళు వచ్చి తాడు వేసి లాగేసరికి అంతా అయిపోయింది.

విచారణకు వచ్చిన ఆఫీసరు ఆమెను మర్యాదగానే అడిగాడు. "నీకు వాసన వచ్చిందామ్మా?"

"రాలేదయ్యా."

"రాదు. కుళ్ళిన గుంతలో పుట్టే గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కునే చంపుతుంది. నీదే కాదు, ఎవరిదైనా అంతే," అన్నాడు. షెడ్డులో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గ్యాసు అంత మాయదారిది కాకపోతే రెబెక్కమ్మ ముక్కు తప్పుతుందా అన్నారు. ఆమె పేరు చెక్కు చెదరలేదు. ఇంకా పెరిగింది.

పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చే ఆదరణ కూడిక జడ్సన్ ఇంటి ముందు పందిట్లో పెట్టారు. పాటలయ్యాక పాస్టరమ్మ, "రెబెక్కమ్మా, నువ్వు అదే గుంతలో తల పెట్టి బతికొచ్చావు. దేవుడు నిన్ను కాపాడాడు. సాక్ష్యం చెప్పు," అంది. మొగుడు పోయిన పిల్ల ఎదుట ఇంకొకరు బతికినందుకు స్తుతి చెప్పించడం ఏ మర్యాదో ఆమెకే తెలియాలి.

రెబెక్కమ్మ లేచింది.

"నాకు వాసన లేదు," అంది. "జ్వరమొచ్చిన కాడి నుంచి లేదు. చూసినట్టు వంగినాను. దిగమని చెప్పినాను."

"ఆఫీసరు ఎవరికీ తెలవదన్నాడు గదక్కా," అన్నారెవరో వెనక నుంచి.

"ఇంకొకరికి తెలిసేదో లేదో నాకు తెలవదు. నాకు ముక్కు లేదు. అది దాచినాను."

చాప మీద కూర్చుని ఉన్న ఫేబీ తల ఎత్తింది.

"నాకు వచ్చింది, అత్తా," అంది మెల్లగా. "మూత తీయంగానే వచ్చింది, కుళ్ళిన గుడ్ల కంపు. నీ ముఖం చూసినా. ఏం లేదు. ఇంతలోకే నాకూ వాసన పోయింది. నీకు రానిది నాకేంది రావడం, నాదే భ్రమ అనుకున్నా."

"నేను నీ ముఖం చూసినానే," అంది రెబెక్కమ్మ.

పాస్టరమ్మ తొందరగా ప్రార్థన ఎత్తుకుంది.

నరేంద్రబాబు రెబెక్కమ్మను పని మానిపించలేదు, తలలు తుంచే బల్ల దగ్గరకు పంపాడు. ఫేబీని పిలిచి ఇకమీదట వాసన నువ్వు చూడమన్నాడు.

"నాకొద్దు సార్," అంది ఫేబీ. "నా ముక్కు మాట నేనే వినలేదు."

ఇప్పుడు వాసన చూడటానికి నెల్లూరు నుంచి ఎవరో వస్తున్నారు. రెబెక్కమ్మా ఫేబీ ఒకే బల్లకు అటొకరు, ఇటొకరు కూర్చుని, తలలు వంచుకుని, సాయంత్రం దాకా రొయ్యల తలలు తుంచుతారు.