మౌస్ బాబాయి

ప్రెస్సులో అందరూ ఆయన్ని మౌస్ బాబాయి అంటారు. ఏళ్ళ తరబడి కంప్యూటర్లో పేజీలు పెడుతున్నా కీబోర్డు షార్ట్‌కట్ వాడి ఎరగడు. మౌస్ కింద అరిగిపోయిన అట్టముక్క, పక్కన కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ. పక్క సీట్లోకి కొత్తమ్మాయి వచ్చినప్పట్నుంచీ ఆయనకు మనశ్శాంతి కరువైంది. ఆ పిల్ల మౌస్ ముట్టదు. రెండు మీటలు కలిపి నొక్కితే చాలు, పేజీ చక్కగా కుదురుకుంటుంది. ఓనరు ఆమె కుర్చీ వెనక నిలబడి మురిసిపోతుంటే ఈయనకు కడుపు మండిపోయేది. పని చేస్తున్నట్టే ఉండి, ఓరకంట ఆ వేళ్ళనే చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి లేవగానే ఆమె సిస్టమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, షార్ట్‌కట్లు ఏరి ఏరి ఆపేశాడు. తిరిగొచ్చిన అమ్మాయి మీటలు నొక్కితే పేజీ ఉలకలేదు, పలకలేదు. సెట్టింగ్స్ చూసి తెల్లబోయింది.

"సరిగ్గా నేను వాడేవే ఆపేశారండీ. బాగా తెలిసినవాళ్ళ పనే ఇది," అంది ఓనరుతో.

ఓనరు చూపు బాబాయి మీద పడింది.

"ఛ, బాబాయి కాదులెండి. పాపం, ఆయనకి ఒక్కటీ రాదు," అంది అమ్మాయి.

గండం గడిచింది. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కానీ ఆ 'పాపం' ఆయనకు గొంతులో ముల్లులా అడ్డం పడింది.

"ఎవరమ్మా రాదన్నది?" అంటూ లేచి, ఆమె కీబోర్డు లాక్కుని, ఒక్కటీ తప్పకుండా ఆపేసినవన్నీ మళ్ళీ పెట్టేశాడు.