నిండుగా ఉన్న నీళ్ల కప్పు

ఒటిలియా చిగోరా మేడమ్‌ను పదకొండేళ్లు నేనే బండిలో తిప్పాను. నేను జిల్లా సంక్షేమ శాఖలో డ్రైవర్‌ని. ముసలివాళ్ల ఆశ్రమాలను తనిఖీ చేయడం ఆవిడ పని. తనిఖీ ఫారంలో అరవై రెండు ప్రశ్నలు ఉండేవి. మంచాలెన్ని, దుప్పట్లెన్ని, మరుగుదొడ్డికి తలుపుందా. మేడమ్ వాటిని ఆఖరున నింపేవారు. ముందు నేరుగా వంటింట్లోకి వెళ్లి, వడ్డించబోయే సాద్జా, అంటే మొక్కజొన్నపిండి ముద్దలోంచి కొంచెం తుంచుకుని తినేవారు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చేతులు పట్టుకుని గోళ్లు చూసేవారు.

"బాగున్నారా అనడిగితే మనవాళ్లు ఏమంటారు ఫనువెల్?" అని ఒకసారి దారిలో అడిగారు.

"మీరు బాగుంటే మేమూ బాగున్నట్టే అంటారు."

"మరి ఆ జవాబుని ఏ గడిలో రాయమంటావు? అందుకే నేనడగను. నీళ్ల కప్పు ఎక్కడుందో చూస్తాను. మంచంలోంచి చెయ్యి చాస్తే అందాలి. అందితే ఆ ఇంట్లో ఒక్కరైనా ఆలోచించే మనిషి ఉన్నట్టు."

లావుపాటి మనిషి. ఎండాకాలంలో కూడా ఊలు కోటు విప్పేవారు కాదు. ఒకచోట ముసలామెను మంచానికి గుడ్డపీలికలతో కట్టేసి ఉంచితే, అంబులెన్సు వచ్చేదాకా ఆ మంచం మీదనుంచి లేవలేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఐదు దాకా. ఆశ్రమం యజమాని టీ పంపితే ఆ ముసలామెకే తాగించారు. మేడమ్ కన్నుగప్పడం కుదరదని మా జిల్లాలో అందరూ అనుకునేవాళ్లు. నేనూ అనుకునేవాణ్ని.

రాగి గని మూతపడిన ఊళ్లో ఒక ఆశ్రమం ఉంది. ఒకప్పుడు పెళ్లికాని గని కూలీలు ఉన్న గదులవి. ఇప్పుడు పంతొమ్మిది మంది ఉంటారు. ఎక్కువమంది మలావి నుంచి, మొజాంబిక్ నుంచి కుర్రతనంలో పనికి వచ్చి, ఇంటికి ఉత్తరాలు రాయడం ఎప్పుడో మానేసినవాళ్లు. వాళ్లలో వైసన్ ఎంబేవే ఒకడు. ముప్పై నాలుగేళ్లు గనిలో పనిచేశాడు. భార్య పోయింది, పిల్లల్లేరు, కాళ్లు పడిపోయాయి. పొద్దున్నే వరండాలో కుర్చీలో కూర్చోబెడితే పొద్దుగూకాక తీసుకెళ్లి పడుకోబెట్టేవాళ్లు.

చనిపోయిన ఆయన భార్యదీ, మా మేడమ్‌దీ ఒకటే వంశం, జింక వంశం. అంటే ఆవిడ ఆయనకు మరదలి వరస. మా వైపు మరదలితో ఎంత మోటు సరసమైనా చెల్లుతుంది. మార్చి నెల తనిఖీకి వెళ్లినప్పుడు, బండి దిగుతుండగానే మొదలుపెట్టాడు.

"ఏం మరదలా! మొగుణ్ని గాలికొదిలేసి ఏడాదికోసారి వస్తావా?"

"మొగుడు పళ్లు కట్టించుకుంటే రోజూ వద్దామనుకున్నా బావా."

"పళ్లెందుకే? కొరకడానికేముంది నీ దగ్గర, అంతా మెత్తనేగా!"

వరండా అంతా నవ్వు. ఒకాయన నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు.

"అది సరే. ముక్కుపొడి తెచ్చావా, వట్టి చేతులేనా?"

మేడమ్ చేతిసంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి ఇచ్చారు. అరగంట కూర్చున్నారు. ఆయన గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. నీళ్ల కప్పు చేతికందేచోట ఉంది. ఆ సాయంత్రం బండిలో ఫారం నింపుతూ కూడా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నారు.

ఆశ్రమాన్ని నడిపేది లవ్‌నెస్. నర్సు చదువు చదవలేదు. తెల్లగౌను వేసుకుంటుంది కాబట్టి అందరూ సిస్టర్ అంటారు. నలభై ఏళ్లుంటాయి. చేతిలో పని లేకుండా ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ మెట్టినింటి పేరు కూడా ఎంబేవేనే. వైసన్ తాతతో రక్తసంబంధమేమీ లేదు, కానీ పేరు ఒకటైతే వంశం ఒకటే, వంశం ఒకటైతే ఆయన మామగారే. ఆయన ముందు ఆవిడ కుర్చీలో కూర్చునేది కాదు. మోకాళ్ల మీద కూర్చుని, చేతుల మీద నీళ్లు పోసి, తల వంచుకుని పళ్లెం అందించేది.

ఆ ఏడాది ఆగస్టులో ఆశ్రమం లైసెన్సును మూడేళ్లకు తిరగరాయాలి. మేడమ్ సంతకం చేస్తేనే అది నిలుస్తుంది. లేకపోతే పంతొమ్మిది మందీ ఒక్కో ఊరికి ఒక్కొక్కరుగా చెదిరిపోతారు.

ఆగస్టంటే మాకు చలికాలం చివర; మేం వెళ్లిన రోజు చలిగాలి, దుమ్ము. వంటింట్లో చిక్కుడుగింజలు, ఆకుకూర ఉడుకుతున్నాయి. మేడమ్ రుచి చూసి తలూపారు. మంచాలు, దుప్పట్లు సరిగానే ఉన్నాయి. వరండాలో వైసన్ తాత నడుము దాకా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కప్పు పక్కనే ఉంది.

"మొగుడు పలకరించడేం?" అన్నారు మేడమ్.

"వచ్చావా మరదలా" అన్నాడు. అంతే. ముక్కుపొడి డబ్బా ఇస్తే దుప్పటి మీద పెట్టుకున్నాడు గానీ మూత తీయలేదు.

కుర్చీ కింద నీలగిరి ఆకులు, ఒక పెద్ద కట్ట.

"ఇవెందుకు బావా?"

"దోమలకి."

"ఈ చలిలో దోమలా?"

మేడమ్ కప్పు చేతిలోకి తీసుకున్నారు. అంచు దాకా నిండుగా ఉంది. నీళ్ల మీద దుమ్ము తెట్టు కట్టింది. పొద్దుటినుంచి ఒక్క గుక్క కూడా తాగలేదు. తాగితే మళ్లీ ఎవరో ఒకరు లేపి మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి.

"జైరోస్ ఎక్కడ?" అన్నారు మేడమ్. మగవాళ్లకు స్నానాలు చేయించే మనిషి జైరోస్.

"ఏటి ఒడ్డున బంగారం తవ్వుకోవడానికి పోయాడు" అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన. "ఫిబ్రవరిలోనే."

"మరి ఈయనకి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

మేడమ్ నా వైపు చూశారు.

"ఫనువెల్, నువ్వు ఆ పక్కన పట్టుకో."

"వద్దు మరదలా" అన్నాడు తాత. "నువ్వు అవతలికి పో."

"మరదలు చూస్తే తప్పేముంది బావా? ఎప్పుడూ నువ్వే రమ్మంటావుగా."

ఆయన టోపీని ముఖం మీదకు లాక్కున్నాడు. లోపల మంచం మీద బోర్లా పడుకోబెట్టి, నేను చొక్కా ఎత్తాను. వెన్నుపూస చివర పుండు పడి, నా పిడికిలి పట్టేంత గుంటైంది. అంతకన్నా రాయలేను. మేడమ్ ఊలు కోటు విప్పి ఆయన కాళ్ల మీద కప్పారు.

లవ్‌నెస్ గుమ్మం బయట మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"కుళ్లిపోయేదాకా చూస్తూ కూర్చున్నావా?" అన్నారు మేడమ్.

"నేను చూళ్లేదమ్మా. కోడల్ని. నేనెలా చూస్తాను?"

"వాసన రాలేదా?"

"వచ్చింది. అందుకే ఆకులు పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు? మార్చిలో వచ్చానుగా."

"చెప్దామనే వచ్చాను. అప్పుడు ఒట్టి ఎర్రమచ్చేనట. ఆయనకి చొక్కా మార్చే పక్కమంచం ముసలాయన చెప్పాడు. మీరిద్దరూ నవ్వుకుంటున్నారు. మామగారు నా వైపు చూశారు. ఆయన ముందు ఆయన ఒంటి మాట నా నోటెలా వస్తుంది? మీరు మరదలు కదా, మీరు చూస్తారనుకున్నాను." గోడ వైపే చూస్తూ, "దుప్పటి మాత్రం రోజూ ఉతికానమ్మా" అంది.

మేడమ్ నన్ను బండి గుమ్మం దగ్గరికి తెమ్మన్నారు.

బండి వెనకాల పరుపు వేసి ఆయన్ను పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టాం. మేడమ్ నా పక్కన కూర్చోకుండా ఆయనతో పాటు వెనక్కే ఎక్కారు. నలభై కిలోమీటర్ల గతుకుల రోడ్డు. అద్దంలో చూస్తే దుమ్ములో ఆయన తల ఆవిడ ఒళ్లో ఉంది.

పుండు చూసి డాక్టరు, రెండు నెలల ముందు తేవాల్సింది అన్నాడు.

ఆస్పత్రి ఆవరణలో బండి ముందుభాగం మీద ఫారం పెట్టుకుని మేడమ్ రాయడం మొదలుపెట్టారు. స్నానాల గడి దగ్గర ఆగి మార్చి నెల ఫారం తీశారు. అందులో "తృప్తికరం" అని ఉంది. కొత్త ఫారంలో ఇలా రాశారు: "మార్చి నెలలో ఈ గడిని నేను చూడకుండా నింపాను." కింద, ఆశ్రమం మూయవద్దనీ, నెలలోపు స్నానాలకు మగమనిషిని నియమించాలనీ రాశారు.

"మార్చి సంగతి ఎవరడుగుతారు మేడమ్?" అన్నాను. "ఆర్నెల్లలో రిటైరవుతున్నారు."

"ఆయన్నెవరడిగారు ఫనువెల్, ఈ ఆర్నెల్లూ?"

ఆయన కుర్చీకి బారెడు దూరంలో నిలబడి మార్చిలో నేనూ నవ్వాను.

వైసన్ తాత తొమ్మిదో రోజున పోయాడు. పై ఆఫీసు నుంచి ఉత్తర్వు కూడా అదే వారం వచ్చింది. మేడమ్ రాసినవాటిలో వాళ్లు సగమే చదివారు. మగమనిషి లేడు కనుక పదకొండు మంది మగవాళ్లను నాలుగు ఊళ్లకు మార్చమన్నారు. ఆడవాళ్లను ఉండనిచ్చారు.

శవానికి స్నానం చేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వీపును నేను చూడటం అది రెండోసారి.

మా వైపు చావింట్లో కోడలికి ఒక పని ఉంటుంది. పోయిన మనిషి నడక నడిచి, మాట మాట్లాడి, ఏడుస్తున్నవాళ్లను నవ్వించాలి. తాతకు వేరే కోడలెవరూ లేరు. లవ్‌నెస్ ఆయన టోపీ పెట్టుకుంది. ఆయన ముందు ఏనాడూ కుర్చీ ఎక్కని మనిషి, ఆయన కుర్చీ తెచ్చి గోతి పక్కన వేసుకుని కూర్చుంది. బోసినోరులా పెదాలు లోపలికి ముడిచింది. ముసలివాళ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"ఏం మరదలా!" అంది మేడమ్‌ను చూసి, అచ్చం ఆయన గొంతుతో. "ముక్కుపొడి తెచ్చావా, వట్టి చేతులేనా?"

అందరూ గొల్లుమన్నారు. లవ్‌నెస్ చెయ్యి చాచింది. మేడమ్ కదల్లేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. టోపీ కింద లవ్‌నెస్ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పెదాలు మాత్రం ఇంకా లోపలికే ముడిచి ఉన్నాయి.

మేడమ్ వెళ్లి, ఆ రోజు ఆయన మూత తీయని డబ్బానే కోటు జేబులోంచి తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు.

"ఇంక లే" అన్నారు. "కూర్చున్నది చాలు."

ఆవిడ లేవలేకపోయింది. మేడమ్ రెండు చంకల కిందా చేతులు వేసి లేపారు. కుర్చీని నేను బండిలోకి ఎక్కించాను.