మామయ్య ఫోటోకు ఒప్పుకున్న రోజు

ఫోను కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ఒకటి, ఇది ఉన్నంతకాలం నాకు పని తగ్గుతుందని. రెండు, నేను తీసే ఫోటోల కోసం జనం ఎదురుచూస్తున్నారని. మొదటి నమ్మకం ఉద్యోగంలో చేరిన నెలకే పోయింది. రెండోది పోవడానికి ఒక పెద్దమనిషి పరువు ఖర్చయింది. ఇప్పుడు నా జేబులో రెండు ఫోన్లున్నాయి, ఒకటి ఆఫీసుది, ఒకటి నాది. పొద్దున లేచేసరికి రెండింట్లో కలిపి వందకు పైగా సందేశాలుంటాయి, అందులో సగం శుభోదయాలు. (శుభం సంగతి తెలియదుగానీ, ఉదయం మాత్రం వాటిని చెరపడంలోనే గడిచిపోతుంది.) ఇంత విసుగులోనూ ఎవరైనా ఫోను మంచిదా చెడ్డదా అని వాదనకు దిగితే నేను నోరు మెదపను. నాకు మా పంచాయితీ మామయ్య గుర్తొస్తాడు.

మామయ్య అంటే సొంత మేనమామ కాదు. రొంపిచెర్ల దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో, అమ్మమ్మ వాళ్ళ ఎదురిల్లు ఆయనది. అమ్మ ఆయన్ని అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు మామయ్య. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడుతున్నా, ఎవరి గేదె ఎవరి చేలో పడినా ఊరంతా ఆయన అరుగు దగ్గరికే వచ్చేది. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మాట్లాడే ముందు ఒక్కసారి గొంతు సవరించుకోవడం. ఆ సవరింపుకే సగం తగాదాలు సర్దుకునేవని అమ్మమ్మ అంటుండేది. అలాంటి మనిషి ఒక వేసవి మధ్యాహ్నం మిరపకాయల కల్లంలో, నింపి కుట్టిన బస్తాల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతుండగా నా కంటబడ్డాడు. నోరు బాగా తెరుచుకుని ఉంది. పక్క బస్తా మీద ఊరకుక్క ఒకటి, అదీ వెల్లకిలానే, అదీ నోరు తెరుచుకునే. చేతులూ కాళ్ళూ కూడా ఇద్దరివీ ఒకే తీరుగా పడి ఉన్నాయి.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాను, నాన్న కొనిచ్చిన ఫోనుకు ఇంకా నెల నిండలేదు. ఇన్ని కారణాలు కలిసొచ్చాక మనిషి ఆగుతాడా. ఫోటో తీశాను. కింద ‘తీర్పు వాయిదా పడింది’ అని రాశాను. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, కల్లం చుట్టూ ఒక తిరుగు తిరిగొచ్చి మళ్ళీ చదువుకున్నాను. తర్వాత ఒక్క స్నేహితుడికి పంపాను. (ఒక్కడికే పంపాను అనే మాట తర్వాత నాకు నేను చానాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది సమాధానం కాలేదు.) వాడు తనవాళ్ళ గ్రూపులో పెట్టాడు. మూడో రోజు మాచర్లలో ఉండే నా క్లాస్‌మేట్ ఒకడు అదే ఫోటోను, ఎవరో తగిలించిన డప్పుల మోతతో సహా, నాకే పంపి ‘ఇది చూశావా, ఎవరు తీశారోగానీ భలే ఉంది’ అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు భయం కంటే గర్వమే ఎక్కువ కలిగింది.

ఆ గర్వం దిగడానికి వారం పట్టింది. మామయ్య ఒక్కగానొక్క కూతుర్ని నూజెండ్లలో ఇచ్చారు. ఆ వారం మనవరాలి చెవులు కుట్టిస్తుంటే ఆయన వెళ్ళాడు. పంక్తిలో కూర్చుని తింటుండగా అల్లుడి తమ్ముడు వచ్చి, ‘మామగారూ, తీర్పు ఇంకా వాయిదాలోనే ఉందా’ అన్నాడట. అందరూ నవ్వారు. ఆయనకు అర్థం కాలేదు. ఎవరో ఫోను తీసి చూపించారు. అప్పుడు వడ్డిస్తున్న కూతురు కూడా చేతిలో గిన్నె పక్కన పెట్టి మరీ నవ్విందట. ఆయన విస్తరి మడిచి లేచి, చెయ్యి కడుక్కుని, నడుచుకుంటూ బస్సెక్కడానికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక తన చిన్న ఫోను తీసి బియ్యం డబ్బాలో పడేశాడు. ఇంట్లోకి ఫోను రాకూడదన్నాడు. అరుగు మీద కూర్చోవడం మానేశాడు. ఎవరైనా తగాదాతో వస్తే, ‘నా కాడ ఏముంది, స్టేషన్‌కు పొండి’ అని లోపలికి వెళ్ళిపోయేవాడు. కూతురు ఫోను చేస్తే అత్తయ్య మాట్లాడాలి, అదీ పక్కింటికి వెళ్ళి. ఇదంతా అమ్మమ్మ చెబుతుంటే నేను తలదించుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ‘ఆ ఫోటో తీసినోడి చెయ్యి పడిపోను’ అంది అమ్మమ్మ, నా విస్తట్లో నెయ్యి వేస్తూ.

నాలుగైదు నెలలు గడిచాయి. నాకు వ్యవసాయ సహాయకుడి ఉద్యోగం వచ్చింది. రాష్ట్రంలో ఇన్ని వేల ఊళ్ళుండగా నన్ను తెచ్చి మా అమ్మమ్మ ఊళ్ళోనే వేశారు. పనేమిటంటే, ప్రతి చేనుకూ వెళ్ళి, రైతును పైరులో నిలబెట్టి, ఫోటో తీసి, యాప్‌లో ఎక్కించాలి. అలా ఎక్కితేనే ఆ పంట ఉన్నట్టు. ఎక్కని పంట రేపు వానకు మునిగినా పురుగు తిన్నా ఎవరూ పట్టించుకోరు. చెప్పడానికి ఇంతే. కానీ ఎండకు ఫోను కాలిపోయి దానంతటదే ఆగిపోయేది. దాన్ని తడిగుడ్డలో చుట్టి, నిద్రపోయే పసిపిల్లను చూసినట్టు చూస్తూ చెట్టు కింద కూర్చునేవాణ్ణి. చేలో ఉంటే సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్న కాలువ కట్ట మీదికి పోతే ‘మీరు పొలంలో లేరు’ అనేది యాప్. ఒకాయన ఇస్త్రీ చొక్కా తెచ్చుకుంటానని ఇంటికెళ్ళి రెండు గంటల తర్వాత వచ్చాడు. ఇంకొకాయన, ‘నా ఒక్కడిదేంది, మా గేదెను కూడా దింపు’ అని పట్టుబట్టాడు. నలభై రోజులకు నా మొహం, నేను తిరిగిన నల్లరేగడి ఒకే రంగుకొచ్చాయి. ఊళ్ళో అందరివీ ఎక్కాయి. గడువు రెండు రోజులుందనగా జాబితాలో ఒక్క పేరు మిగిలింది.

మామయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆపాడు. ‘అది బయటపెట్టి రా’ అన్నాడు నా జేబు చూపించి. పెట్టి వెళ్ళాను. నేను లోపల నోరు తెరిచేలోగా అది బయట మోగడం మొదలుపెట్టింది. మా ఆఫీసరు గారు. ఆగింది, మళ్ళీ మోగింది. ‘పో అల్లుడా, అది పిలస్తంది. నీకు మనుషులతో పనేంది’ అన్నాడు. అత్తయ్య వీధి చివరి దాకా నా వెంట వచ్చింది. ‘మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి. పోయినేడు ఏమీ మిగల్లా. అయినా సరే, ఫోటోకు నిలబడనంటన్నాడు. నువ్వన్నా ఏదో ఒకటి చెయ్యి నాయనా’ అంది. కళ్ళొత్తుకుంటూ చెప్పిందా మాట. ఆమె నమ్మకంగా నా భుజం తట్టి వెళ్ళిపోయాక నాకు నిలబడ్డ చోటునుంచి కదలబుద్ధి కాలేదు.

మర్నాడు ఆఖరి రోజు. పదకొండు గంటలకు చేనికే వెళ్ళాను. ఆయన మిరప చాళ్ళలో వంగి కలుపు తీస్తున్నాడు. దారిలో చానా మాటలు అనుకుని వెళ్ళానుగానీ, తీరా ఆయన ఎదట ఒక్కటే వచ్చింది.

‘మామయ్యా, ఆ ఫోటో తీసింది నేనే.’

ఆయన తలెత్తలేదు. ‘ఏ ఫోటో?’

‘కల్లంలోది. కుక్కతో.’

‘కింద రాసింది?’

‘అదీ నేనే.’

ఆయన చేతిలో కలుపు కింద పడేసి, గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. కొడతాడేమోనని కొంచెం దూరంలో నిలబడ్డాను. కొట్టి ఉంటే బాగుండేది. ‘ఊళ్ళో ఇరవై మందిని అనుమానించా,’ అన్నాడు చివరికి. ‘ఒకడి ఇంటికి పెళ్ళికి కూడా పోలా. నిన్ను మాత్రం అనుకోలా. చదువుకున్నోడివి గదా అని.’ చేతి మట్టి దులుపుకుని, ‘ఊరు నవ్వితే నవ్వింది. మా అమ్మాయి నవ్వింది చూడూ. చిన్నప్పుడు నేను గొంతు సవరిస్తే గబగబా పుస్తకం తెరిచేది’ అన్నాడు. తప్పయిందన్నాను. ఆ మాట మరీ చిన్నదిగా వినబడింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత ఆ సవరింపు వినడం. ‘తప్పు ఒప్పుకున్నావు, బాగానే ఉంది. కానీ శిక్ష ఉండాల. ఆ గట్టు మీద వెల్లకిలా పడుకో. నోరు తెరువు. నేను దింపుతా. ఊరంతా చూడాల.’ ఫోను ఆయన చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి, పడుకుని నోరు తెరిచాను. ఒకటి చెప్పక తప్పదు. నలభై రోజుల అలసట ఒంట్లో ఉంది. గట్టు మెత్తగా ఉంది. శిక్ష అనుభవిస్తూ అనుభవిస్తూనే నేను నిజంగా నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి మొహం మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని ఫోనును చేతి దూరంలో పట్టుకుని కోపంగా చూస్తున్నాడు. ‘ఏందిరా ఇది, నిన్ను దింపుదామంటే నన్నే చూపిస్తంది’ అన్నాడు. ఎక్కడో నొక్కితే ముందు కెమెరా తెరుచుకున్నట్టుంది. చూస్తే ముప్ఫై నాలుగు ఫోటోలు, అన్నీ ఆయనవే. కొన్నింటిలో సగం మీసం, కొన్నింటిలో ఒక్క కన్ను, అన్నింటిలోనూ అదే కోపం. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కోటీ జరుపుతూ చూశాం. పన్నెండోదో పదమూడోదో వచ్చేసరికి ఆయన భుజాలు కదలడం చూశాను. నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఆ తర్వాత మిరపలో, పక్కనే ఉన్న పత్తిలో నిలబడ్డాడు. ఫోటోలు దిగాయి. ఇక వేలిముద్ర. యాభై ఏళ్ళు పార పట్టిన వేళ్ళు, పదింటిలో ఒక్కటీ పడలేదు. అది కాకపోతే ఓటీపీ. ఏ నంబరుకు వెళ్తుందా అని చూస్తే, ఎప్పుడో నమోదు చేయించినప్పుడు ఇచ్చింది కూతురి నంబరు. ఆయన మొహం మళ్ళీ మారింది. ‘నువ్వే అడుగు’ అన్నాడు. ఫోటోలు చేలోనే దిగాయి కాబట్టి ఇక సిగ్నల్ ఉంటే చాలు, ఇద్దరం కాలువ కట్ట ఎక్కాం. నా సొంత ఫోనులో నంబరు కలిపి, స్పీకరు పెట్టి, ఫోను ఆయన చేతిలో పెట్టి నాలుగడుగులు పక్కకు జరిగాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

‘ఎవరూ?’ అంది ఆమె.

‘నేనే.’

‘నాయనా.’ అంతే అంది. తర్వాత గొంతు పెంచింది. ‘ఆర్నెల్లు మాట్టాడకుండా ఉంటావా నాయనా. నేను నవ్వింది కుక్కను చూసి. నిన్ను చూసి కాదు.’

‘సరేలే. పిల్లకు చెవులు మానినయ్యా? నీ ఫోన్‌కి ఏదో నంబరొచ్చిందంట, చెప్పు.’

ఆమె నంబరు చెప్పలేదు. ఏడ్చింది. చెవులు మానాయని, పిల్ల రోజూ తాత ఏడని అడుగుతుందని, ఆ మరిదితో తాను కూడా నెల రోజులు మాట్లాడలేదని చెప్పింది. ఓటీపీ గడువు అయిపోయింది. ఆఫీసు ఫోనులోంచి ఇంకోటి పంపాను. ఈసారి ఆయన మొదలుపెట్టాడు, అల్లుడి ఆరోగ్యం, గేదె ఈనడం, అత్తయ్య మోకాళ్ళ నొప్పి. అదీ అయిపోయింది. మూడోది కూడా అయిపోయాక నేను దగ్గరికెళ్ళి, ‘వదినా, ముందు ఆ ఆరంకెలు చెప్పి తర్వాత మాట్లాడుకోండి, మీకు పుణ్యముంటుంది’ అని దణ్ణం పెట్టినంత పని చేశాను. ఇద్దరూ కలిసి నన్ను కసిరారు. నాలుగోసారి ఎక్కింది.

ఆ ఏడు కాయ కోతకొచ్చే ముందు తుఫాను పట్టింది. నష్టపోయినవాళ్ళ జాబితాలో మామయ్య పేరుంది, ఆలస్యంగానైనా సాయం అందింది. దానికి ఆయన నాకు కృతజ్ఞత చెప్పలేదు, నేనూ ఆశించలేదు. ఆయన మళ్ళీ అరుగు మీద కూర్చుంటున్నాడని అమ్మమ్మ చెబితే చాలనిపించింది. (ఫోటో ఎవరు తీశారో అమ్మమ్మకు ఈరోజుకూ తెలియదు. తెలియజేసే ధైర్యం నాకు రాలేదు.)

నేనిప్పుడు గురజాల వైపు పనిచేస్తున్నాను. కూతురు ఆయనకు పెద్ద ఫోను కొనిచ్చింది. మీటింగులో ఉన్నా, భోజనంలో ఉన్నా వారానికి మూడుసార్లు ఆయన నుంచి పిలుపొస్తుంది. దాన్ని ఎత్తే ఓపిక ఒక్కోసారి ఉండదు, అయినా ఎత్తుతాను. మొన్న చేశాడు. ‘అల్లుడా, ఇది ఏదో అడగతంది. ఫోటోలు దింపుకునేదానికి అనుమతిస్తారా అంటంది. ఏమనమంటావు?’ ఆ రోజు కల్లంలో నేను అడగాల్సిన మాట, ఆ ఫోను ఎంత మర్యాదగా అడుగుతోందో అనిపించింది.

‘అడిగింది కదా మామయ్యా, ఇవ్వు’ అన్నాను.