తిరిగి వచ్చే తేదీ

నేను చదువుకున్నది ఏడో తరగతి వరకే. అదీ మా ఊరి బడిలో, ఏడు తరగతులూ ఒకే పంతులుగారి చూపు కింద కూర్చునే బడిలో. అయినా నా దస్తూరి చూసి యూనివర్సిటీ రిజిస్ట్రారు గారంతటివారు "ఈ రాత ఎవరిది?" అని ఆరా తీశారు. అమ్మాయిల హాస్టల్లో ఊడ్చే పనికి చేరాను. ఆరో ఏడు తిరిగేసరికి స్టోరు గది తాళాలు నా కొంగుకొచ్చాయి. పదకొండో ఏట మేట్రన్ కుర్చీలో కూర్చున్నాను. మొత్తం ముప్పై మూడేళ్లు. ఎవరో ఇస్త్రీపెట్టె మరిచిపోతే రెండో అంతస్తులో మంచం అంటుకున్న మధ్యాహ్నం, తడి దుప్పట్లు కప్పి ఆర్పింది నేనే. ఫైరింజన్ వాళ్లు వచ్చేసరికి వాళ్లకు మిగిలింది పొగ వాసన. రెండు ప్రశంసాపత్రాలు మా ఇంటి గోడకు వేలాడుతున్నాయి. వచ్చినవాళ్లకు చూపిస్తాను, రానివాళ్లకు చెబుతాను.

వీటన్నిటికన్నా నేను గొప్పగా చెప్పుకునేది ఒక రిజిస్టరు. నేను రాకముందు బయటికెళ్లే పిల్లలు ఏదో చిత్తుకాగితం మీద సంతకం గీకి పోయేవారు. నేను స్కేలు పెట్టి ఆరు గళ్లు గీశాను. పేరు, గది, ఎక్కడికి, ఎవరితో, బయల్దేరిన వేళ, తిరిగి వచ్చే తేదీ. ఆరో గడి ఖాళీగా వదిలితే గేటు దాటనిచ్చేదాన్ని కాదు. "ఎప్పుడొస్తానో తెలీదు పెద్దమ్మా" అని ఒక డీన్ గారి కూతురే గునిసింది. తెలిసేదాకా ఆ బెంచీ మీద కూర్చోమన్నాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "మా దగ్గర బస్సు బయటికి పోవాలంటే ఒక్క సంతకం. నీ దగ్గర పిల్ల పోవాలంటే ఆరు గళ్లా" అని ఎగతాళి చేసేవారు. మీ బస్సు కోసం ఎదురుచూసే తల్లి ఉండదు కదా అనేదాన్ని.

అన్నేళ్లలో వేల వరసలు నిండాయి. ఒక్కటంటే ఒక్క వరసలో ఆరో గడి ఖాళీగా ఉంది. నేను రాయబోయేది ఆ ఒక్క గడి సంగతి.

నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి నాలుగేళ్ల ముందు యూనివర్సిటీలో కొత్త పద్ధతి పెట్టారు. చదువుకునే పిల్లలకు ఎవరివల్లనైనా కీడు జరుగుతోందని తెలిస్తే ఎవరు ఏం చెయ్యాలి, ఎవరి పని ఎక్కడ ఆగాలి అన్నది ఆ పద్ధతి. దానికొక అధికారిణిని వేశారు. ఆవిడ హోదా బోర్డు మీద రెండు వరసలు పట్టేది. మేం రక్షణ మేడమ్ అనేవాళ్లం. ఆవిడ గేటు కాపలావాళ్లను, వంటవాళ్లను, ల్యాబు అటెండర్లను, నన్ను భోజనాల హాల్లో కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేసింది. ఒక అమ్మాయి వచ్చి, ఎవరికీ చెప్పనని మాటిస్తేనే చెప్తాను అంటే మీరేం చేస్తారు?

ప్రాణం పోయినా చెప్పం అన్నాం అందరం. నా గొంతే ముందు లేచింది. మా వంటాయన మాత్రం, పిల్లలు బాబాయ్ అంటారు ఆయన్ని, చెయ్యెత్తి నిలబడ్డాడు.

"నన్ను లెక్కలోంచి తీసెయ్యండి మేడమ్. నా నోట్లో నువ్వుగింజ నానదు."

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "ఈ గదిలో సరైన జవాబు ఈయనదే" అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. దాస్తానని మాటివ్వకూడదు. పిల్ల చెప్పింది వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు. ఆ పిల్ల మాటల్లోనే రాసి అదే రోజు తనకు అందించాలి. అక్కడితో మన పని సరి. తర్వాత ఏమైందని ఆ పిల్లనూ అడగకూడదు, తననూ అడగకూడదు. తెలియాల్సినవాళ్లకే తెలియాలి. అయ్యాక ఎవరైనా ఒప్పజెప్పండి అంటే నేను లేచి, ఎక్కం చెప్పినట్టు గడగడా చెప్పేశాను. మేడమ్ అక్కడికక్కడే, వచ్చే బ్యాచికి మీరే చెప్పాలి అంది. ఆ తర్వాత తొమ్మిది బ్యాచిలకు చెప్పాను. పీహెచ్‌డీలు చేసిన సార్లు కూడా నా ముందు నోట్సు రాసుకున్నారు.

ఇక ఆ పిల్ల. ఇరవై ఏడో గది, కెమిస్ట్రీలో పరిశోధన, మూడో ఏడు. భుజం దాటని జడ వేసుకునేది, అందుకని పొట్టిజడ అని నేనే పేరు పెట్టాను. ల్యాబు నుంచి రాగానే నా టేబులు దగ్గర కూలబడి, నా ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని తాగేది. కొత్త రిజిస్టరు వస్తే స్కేలు లాక్కుని తనే గీతలు గీసేది. నా తర్వాత అంత తిన్నగా గీసింది ఆ పిల్లే. మాకు ఇద్దరూ మగపిల్లలు. "మూడోది ఇవాళ ఏమంది?" అని మా ఆయన అడిగేవారు. ఆయన ఒక్కసారీ చూడలేదు ఆమెను.

ఆ శిక్షణ అయిన కొత్తల్లోనే పొట్టిజడ నన్నొక సాయం అడిగింది. వాళ్ల గైడు, అంటే పరిశోధన చేయించే ప్రొఫెసరు, హాస్టలుకు ఫోను చేస్తే తనకు జ్వరమని చెప్పమంది. చెప్పాను. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. మూడోసారి, పాపం నూట రెండు అండీ అని అంకె కూడా కలిపాను. ల్యాబు పని తప్పించుకుంటోందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఒక సెలవురోజు మధ్యాహ్నం, వరండాలో ఎవరూ లేనప్పుడు వచ్చింది. టీ పోసుకోలేదు.

"పెద్దమ్మా, నీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యెయ్యి."

వేశాను. లేచి నిలబడి పాఠం ఒప్పజెప్పినదాన్ని, వచ్చే బ్యాచికి చెప్పబోయేదాన్ని, వేశాను. పాఠం నోటికొచ్చింది గానీ చేతికి రాలేదు.

ఆ పిల్ల చెప్పింది ఇక్కడ రాయను. అది రాయాల్సిన చోట, ఆమె మాటల్లోనే ఉంది. సెలవురోజుల్లోనే ఆ గైడు ఎందుకు రమ్మనేవాడో, థీసిస్ మీద తన సంతకాన్ని ఎలా వాడుకునేవాడో చెప్పింది అని మాత్రం అంటే చాలు. ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

"తల్లీ, నేను మాటివ్వకూడదు. తప్పు చేశాను. ఇది మేడమ్‌కి చెప్పాలి. నువ్వూ రా, ఇద్దరం వెళ్దాం" అన్నాను.

"చెయ్యేశావు కదా."

"వేశాను."

"ఆయన సంతకం లేకపోతే నా మూడేళ్లూ పోతాయి పెద్దమ్మా."

"మరి ఎన్నాళ్లు జ్వరమని చెప్పమంటావు?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, వేడి గిన్నె మీంచి తీసుకున్నట్టు తీసుకుంది. మెట్లెక్కి వెళ్లింది. గడియ వేసిన చప్పుడు కిందికి వినిపించింది. పక్కగది అమ్మాయిని ఆమె తలుపు దగ్గరే కూర్చోమని, కదలొద్దని చెప్పి, నేను ఆఫీసు భవనానికి నడిచాను. రోజూ నడిచే దారే. ఆ రోజు రెండుసార్లు ఆగాను.

సెలవైనా మేడమ్ ఆఫీసులోనే ఉంది. ఆవిడకు విన్నది విన్నట్టు చెప్పాను. నేను చెయ్యి వేసిందీ చెప్పాను, మూడు జ్వరాలూ చెప్పాను. ఆవిడ అన్నీ రాసుకుని, ఇక మీ పని అయిపోయింది, ఇక్కణ్నుంచి నాది అంది.

నాలుగో రోజు ఉదయం పొట్టిజడ వాళ్ల పిన్నితో కిందికి దిగింది. చేతిలో పెట్టె. నా టేబులు దగ్గర ఆగి, "మేట్రన్ గారూ, పెన్ను ఇస్తారా?" అని అడిగింది. పెద్దమ్మ అనలేదు. పేరు రాసింది, గది రాసింది, ఐదు గళ్లు నింపింది. ఆరో గడి దగ్గర పెన్ను ఆగింది. నేను చూస్తున్నాను. నేను చూస్తున్నానని ఆమెకూ తెలుసు. పెన్ను మూత పెట్టి టేబులు మీద ఉంచింది.

డీన్ గారి కూతుర్నే బెంచీ మీద కూర్చోబెట్టినదాన్ని, నోరు మెదపలేదు. వస్తామండీ అంది వాళ్ల పిన్ని. ఆ పిల్ల ఆ మాట కూడా అనలేదు.

తర్వాత కొన్ని నెలలకు కెమిస్ట్రీ భవనంలో ఆ గైడు గది తలుపుకు పేరుపలక కనిపించలేదు. నాలుగు మేకుల బెజ్జాలు ఉన్నాయంతే. బదిలీ అన్నారు కొందరు, ముందే రిటైరయ్యాడన్నారు కొందరు. వంట బాబాయ్ రోజుకో కథ వడ్డించేవాడు. నేను వడ్డించుకోలేదు. ఇంట్లో మా ఆయన, మూడోది ఏమైందే అని అడిగారు. తెలీదన్నాను. నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అన్నారు. తెలియాల్సినవాళ్లకు తెలుస్తుందన్నాను.

అనడం తేలికే. ఫ్లాస్కులో టీ మాత్రం ఎప్పటిలా ఇద్దరికి సరిపడానే తెచ్చేదాన్ని, సగం చల్లారిపోయేది. సిటీ బస్సులో ముందు సీట్లో పొట్టి జడ కనబడితే దిగాల్సిన స్టాపు దాటిపోయేదాన్ని. ఆ పిల్ల చదువు పూర్తయిందా, ఎక్కడైనా కుదురుగా కూర్చుని గీతలు గీసుకుంటోందా, అంతవరకు తెలిస్తే చాలనిపించేది.

స్నాతకోత్సవంలో పట్టాలు పుచ్చుకునేవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. అవి అందరూ వినేవి, వినడం తప్పు కాదు. అందుకని ఏటా తలుపు దగ్గర డ్యూటీ అడిగి వేయించుకున్నాను. మొదటి ఏడు లేదు. రెండో ఏడు లేదు. మూడో ఏడు కెమిస్ట్రీ పేర్లన్నీ అయిపోయాక, గైర్హాజరీలో పట్టా పొందినవారు పద్నాలుగు మంది అని చదివారు. వాళ్ల పేర్లు చదవలేదు. హాలంతా మర్యాదకు చప్పట్లు కొట్టి ఆపేసింది. నేను పద్నాలుగు మందికీ కొట్టాను. పక్కన గేటు కాపలా ఆయన, చాలమ్మా అని మోచేత్తో పొడిచాడు.

నేను దిగిపోయే నెలలో రక్షణ మేడమ్ హాస్టలుకు వచ్చింది. ఆవిడకూ వేరే చోటికి మార్పు వచ్చింది. బెంచీ మీద కూర్చుని కాసేపు అటూ ఇటూ మాట్లాడి, ఇన్నేళ్లలో మీరు ఒక్కసారీ అడగలేదు అంది. ఏమిటని నేను అనలేదు.

"ఒక్క ముక్క చెప్పనా పెద్దమ్మా?"

అప్పుడే ఒక కొత్త పిల్ల టేబులు మీదికి వంగి రిజిస్టరు నింపుతోంది. నాలిక బయటపెట్టి, జాగ్రత్తగా.

"చెప్పకండి మేడమ్" అన్నాను. "అప్పుడు నేను మీకు చెప్పింది ఆ పిల్లకి అవసరం కాబట్టి. ఇప్పుడు నాకు ఆశ. ఆమె మాట ఒకసారి దాటించాను, చాలు."

నేను ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాను, మేడమ్ తాగి లేచింది. ఆవిడ గేటు దాటేదాకా, వెనక్కి తిరిగి ఆ ముక్క చెప్పేస్తే బాగుండునని చూస్తూ నిలబడ్డాను. తిరగలేదు. అంత మంచి అధికారిణి కాకపోయుంటే బాగుండేదని ఆ ఒక్క రోజు అనిపించింది.

ఆఖరి రోజు కొత్త మేట్రన్‌కు రిజిస్టర్లు అప్పజెప్పాను. డిగ్రీ చదివిన పిల్ల, చురుకైనది. రికార్డు రూముకు పంపేముందు ఒక్కొక్క పేజీ తిప్పి చూసింది. ఒకచోట ఆగింది.

"పెద్దమ్మా, ఇక్కడ తేదీ లేదేంటి? ఏదో ఒకటి వేసెయ్యనా?"

"వెయ్యకు."

"పోనీ ఎప్పుడొచ్చిందో గుర్తుందా మీకు?"

"ఇంకా రాలేదు" అన్నాను.